రష్యా చమురు, అమెరికా సుంకం, భీమవరం చెరువు

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లె. సొంతం మూడెకరాలు, లీజుకి ఐదెకరాలు, మొత్తం వనామీ రొయ్యల సాగే. 2025 ఆగస్టులో 40 కౌంట్‌కి, అంటే కిలోకి నలభై తూగే సైజుకి తెచ్చాక అమెరికా 50 శాతం సుంకం అన్నారు. అంతే, ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి వాళ్ళు చెప్పిన రేటుకే పట్టి ఇచ్చేశాను. చమురు కొన్నది కంపెనీలు, యుద్ధం చేసుకుంటున్నది వాళ్ళూ వాళ్ళూ. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు మధ్యలో మా రొయ్య ఏం చేసింది? డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడి స్టోర్‌లో ప్యాకెట్ల మీద ఇప్పుడు ఈక్వడార్ దేశం పేరే కనిపిస్తోందని ఫొటో పంపాడు. ఆ మార్కెట్ మళ్ళీ మనకి వస్తుందా? ఇంకోటి. మా వియ్యంకుడి తరఫు మనిషి ఒకాయన దుబాయ్‌లో కంపెనీ పెట్టి, మన సరుకుని వేరే దేశం పేరు మీద అమెరికా పంపుతామంటున్నాడు. పది లక్షలు పెడితే వాటా ఇస్తాడట. పెట్టనా? సంక్రాంతి వెళ్ళాక సీడ్ (రొయ్య పిల్లలు) వేయనా, ఒక పంట ఆపేయనా, చేపల్లోకి మారిపోనా? పేరు వేయొద్దండి.

జవాబు: ముందు పది లక్షల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. వియ్యంకుడి తరఫు మనిషి కాబట్టి మొహమాటం ఉంటుంది, తెలుసు. చేతిలో డబ్బు లేదని చెప్పండి, రొయ్యల రైతు ఈ ఏడాది ఆ మాటంటే ఎవరైనా నమ్ముతారు. ఎందుకు ఇవ్వకూడదో కాస్త కిందికి వెళ్ళాక చెబుతాను. మీ మొదటి ప్రశ్నకి జవాబు తెలిస్తే అది సులువుగా అర్థమవుతుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదకి వెళ్ళింది. అమెరికా, యూరప్ దేశాలు యుద్ధంలోకి నేరుగా దిగకుండా రష్యాని డబ్బు మీద కొట్టాలనుకున్నాయి. రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న దాదాపు 30,000 కోట్ల డాలర్లను స్తంభింపజేశాయి. కొన్ని రష్యన్ బ్యాంకులను స్విఫ్ట్ నుంచి, అంటే బ్యాంకులు దేశాల మధ్య చెల్లింపుల కబురు పంపుకునే వ్యవస్థ నుంచి తీసేశాయి. చమురు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనకాడాయి. రష్యా చమురు ఒక్కసారిగా మార్కెట్లో లేకుండా పోతే ధర ఎక్కడికో పోతుంది, అప్పుడు అమెరికాలో కారుకి పెట్రోలు కొట్టించుకునేవాడే ముందు తిట్టుకుంటాడు. అందుకని ఒక మధ్యేమార్గం చూసుకున్నాయి. 2022 డిసెంబరు 5 నుంచి సముద్రం మీద వచ్చే రష్యా ముడిచమురు కొనడం యూరప్ మానేసింది. మిగతా దేశాలు కొనుక్కోవచ్చు గానీ, బ్యారెల్ 60 డాలర్లు దాటితే పాశ్చాత్య దేశాల ఓడలు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ సరుకు ముట్టుకోకూడదని జీ7 దేశాలు గీత గీశాయి. చమురు కదలాలి, రష్యా చేతికి డబ్బు మాత్రం తక్కువ చేరాలి. అదీ వాళ్ళ ఎత్తు.

చమురు కదలాలంటే ఎవరో ఒకరు కొనాలి కదా. ఆ కొన్నవాళ్ళే చైనా, మనం. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా చమురు రెండు శాతం కూడా లేదు. 2023 నాటికి మూడో వంతు దాటింది. ఇదేమీ దొంగచాటు వ్యవహారం కాదు. అప్పట్లో ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న ఎరిక్ గార్సెటీ 2024లో పబ్లిగ్గానే చెప్పారు, ఆ ధర పరిమితిలో ఎవరో ఒకరు రష్యా చమురు కొనాలని తామే కోరుకున్నామని. ఏడాది తిరిగేసరికి వైట్‌హౌస్‌లో మనిషి మారాడు, ఆ కొనుగోలే నేరమైంది. 2025 ఆగస్టు 7న అందరితో పాటు మనకీ పడ్డ సుంకం 25 శాతం. రష్యా చమురు కొంటున్నందుకు ఇంకో 25 శాతం అని దానికి ఒక రోజు ముందే ట్రంప్ సంతకం పెట్టారు. అది ఆగస్టు 27 నుంచి అమల్లోకి వచ్చింది. మీ చెరువులో రొయ్య 40 కౌంట్‌కి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇక చౌకగా వచ్చిన చమురు లాభం ఎవరికి పోయింది? ఎక్కువ భాగం రిఫైనరీలకు. బంకులో లీటరుకి రెండు రూపాయలు తగ్గింది 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు. ఆ చమురే లేకపోతే ధర ఇంకా పెరిగి ఉండేదని ప్రభుత్వం అంటుంది, అందులో నిజం లేకపోలేదు. కానీ కరెంటు పోయినప్పుడు చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా మీరు జనరేటర్‌లో పోసే డీజిల్ బిల్లులో ఆ లాభం మీకెక్కడా కనిపించి ఉండదు. లాభం ఒకరి ఖాతాలో పడింది, జరిమానా ఇంకొకరి ఖాతాలో పడింది.

మనకంటే ఎక్కువ రష్యా చమురు కొన్న చైనా మీద ఈ జరిమానా ఎందుకు పడలేదని మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కార్ల మోటార్లలో, క్షిపణుల్లో వాడే అయస్కాంతాలకు అవి కావాలి. కొన్ని వారాలకే అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలు తడబడ్డాయి. ఆ తర్వాత చైనాతో వ్యవహారం బేరాల దారి పట్టింది. మన రొయ్య ఆగిపోతే అమెరికాలో ఏ ఫ్యాక్టరీ ఆగదు. జనం చికెన్ కొనుక్కుంటారు.

ఇప్పుడు మీ ఏజెంటు ఫోన్ ఎందుకు ఎత్తలేదో చూద్దాం. విశాఖ నుంచి లక్ష డాలర్ల రొయ్యలు అమెరికా వెళ్ళాయనుకోండి. 2025కి ముందు యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయని వేసేది) సుంకాలు కలిపి సుమారు 8 శాతం, అంటే ఎనిమిది వేల డాలర్లు కట్టాలి. ఆగస్టు 27 తర్వాత అదే సరుకు మీద 58 వేలు. అప్పుడు ఈక్వడార్ మీద కొత్త సుంకం 15 శాతమే, పాత సుంకాలు కలిపినా 20 వేలు దాటలేదు. ఒక్క లక్ష డాలర్ల సరుకులో దాదాపు 40 వేల తేడా. రొయ్య కొని, శుభ్రం చేసి, ఎగుమతి చేసే ఏ ప్లాంటుకీ ఇంత మార్జిన్ ఉండదు.

దీనికి తోడు మనవాళ్ళు అమెరికాకి చేసే వ్యాపారంలో చాలా భాగం డీడీపీ పద్ధతిలో నడుస్తుంది. అంటే సుంకం కూడా మన ఎగుమతిదారే కట్టి, సరుకు అక్కడి గోడౌన్‌కి చేర్చి, ముందే ఒప్పుకున్న ధర తీసుకోవాలి. ధర ఒప్పుకునేటప్పుడు సుంకం ఒకటి, ఓడ దిగేసరికి ఇంకొకటి. ట్రంప్ ఉత్తర్వులో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఆగస్టు 27 లోపు ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడ కస్టమ్స్ దాటిన సరుకుకి అదనపు 25 పడదు. మూడు వారాలు. విశాఖలో బయల్దేరిన కంటైనర్ కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారి న్యూయార్క్ చేరడానికి నెల పైనే పడుతుంది. ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలైనప్పటి నుంచి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నాయి, దానికి ఇంకో పది పన్నెండు రోజులు కలుపుకోండి. కాబట్టి ఆగస్టు మొదట్లో ఇంకా ప్లాంటులోనే ఉన్న సరుకుకి ఆ గడువు అందలేదు. సముద్రం మీద ఉన్న కంటైనర్ల గొడవే తేలక తలపట్టుకున్నవాళ్ళు కొత్త సరుకు కొంటారా? కొన్నా, ఆ 40 వేల తేడాని ఎవరి మీదకి నెట్టాలా అని చూస్తారు.

అమెరికా దిగుమతిదారుకి ఈక్వడార్ ఉంది. ప్లాంటుకి కోల్డ్ స్టోరేజీ ఉంది, కొన్నాళ్ళు ఆగగలదు. మీకేముంది? నీళ్ళలో రొయ్య ఉంది, అది రోజూ మేత తింటుంది, పైగా ఏ రాత్రి వైట్ స్పాట్ రోగం తగులుతుందోనని మీకు నిద్ర పట్టదు. గొలుసులో ఎవరు ఆగలేరో వాళ్ళ దగ్గరికే సుంకం వచ్చి చేరుతుంది. కాగితం మీద అది దిగుమతి సుంకం, కట్టింది మాత్రం మీరు. 100 కౌంట్ రైతు కంటే మీకు దెబ్బ గట్టిగా తగలడానికి కారణం కూడా ఉంది. పెద్ద రొయ్యల్లో ఎక్కువ భాగం అమెరికా కోసమే కొంటారు. చిన్న సరుకుకి వేరే గిరాకీలు కూడా ఉంటాయి.

ఇక అమెరికా మార్కెట్ తిరిగి వస్తుందా అన్నారు. దీనికి రొయ్య కంటే సోయా మంచి జవాబు చెబుతుంది. 2018 జులైలో, ఇదే ట్రంప్ మొదటి విడతలో, చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. అమెరికాలోని అయోవాలో సోయా రైతు పరిస్థితి అచ్చం మీ పరిస్థితే, కాకపోతే గింజ గాదెలో ఉంటుంది, మేత అడగదు. చైనా బ్రెజిల్ వైపు తిరిగింది. ఆ గిరాకీ చూసుకుని బ్రెజిల్ సాగు పెంచింది. తర్వాత చైనా, అమెరికా రాజీ పడ్డాయి, కొనుగోళ్ళూ మళ్ళీ మొదలయ్యాయి, కానీ పాత వాటా మాత్రం అమెరికా రైతుకి తిరిగి రాలేదు. ఒకసారి వేరేచోట సరుకు దొరకడం మొదలైతే కొనేవాడు రెండు తలుపులూ తెరిచే ఉంచుకుంటాడు. అన్నట్టు, ఆ రెండేళ్ళలో అమెరికా ప్రభుత్వం తన రైతులకు 2,800 కోట్ల డాలర్ల దాకా సాయం ప్రకటించింది. మన దగ్గర 2025 నవంబరులో కేంద్రం ఎగుమతిదారులకి 20,000 కోట్ల రూపాయల రుణ హామీ పథకం తెచ్చింది. మంచిదే. అందులో చెరువు గట్టు మీద ఉన్నవాడికి నేరుగా అందేది ఏమీ లేదు. ప్లాంటు నిలబడితే మీరూ నిలబడతారని లెక్క కాబోలు.

రొయ్య విషయంలో నేను సోయా అంత నిరాశపడను. అమెరికా వాళ్ళు ఎక్కువగా కొనేది తొక్క తీసి, నరం తీసి, శుభ్రం చేసిన రొయ్య. మన ప్లాంట్లలో వేలమంది ఆడవాళ్ళు చేత్తో చేసే ఆ పనిని అంత పరిమాణంలో ఈక్వడార్ ఇంకా అందుకోలేదు. వాళ్ళ ప్రధాన వ్యాపారం తలతో ఉన్న రొయ్యని చైనాకి పంపడం. అయితే వాళ్ళూ తొక్క తీసే యంత్రాలు పెంచుకుంటున్నారు, మనకి ఎంత ఆలస్యమైతే వాళ్ళకి అంత సమయం దొరుకుతుంది. ఇది రాస్తున్న 2025 డిసెంబరు నాటికి ఢిల్లీ, వాషింగ్టన్ మధ్య చర్చలు నడుస్తున్నాయి. సుంకం రేపు తగ్గినా ఆశ్చర్యం లేదు, ఇంకో కారణంతో మళ్ళీ పెరిగినా ఆశ్చర్యం లేదు. అందుకే ‘అమెరికా తెరిచేశారంట’ అని వాట్సాప్‌లో వచ్చిన మాట పట్టుకుని సీడ్‌కి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మిగతా మార్కెట్లు ఉన్నాయి. అయితే పేపర్లో రాసినంత తేలిక కాదు. 2024-25లో మనం 7.41 లక్షల టన్నుల రొయ్య ఎగుమతి చేస్తే అందులో 3.11 లక్షల టన్నులు అమెరికాకే వెళ్ళింది. అంత సరుకుని ఒక్క ఏడాదిలో వేరే చోటికి మళ్ళించడం కుదిరే పని కాదు. చైనా కొంటుంది, ధర దగ్గర పిసినారి. ఆస్ట్రేలియాలో 2016 చివర్లో వైట్ స్పాట్ కనిపించాక మన తొక్క తీయని రొయ్యకి తలుపు మూసేశారు, 2025 అక్టోబరులో షరతులతో తెరిచారు, చిన్న మార్కెట్. బ్రిటన్‌తో 2025 జులైలో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, అమల్లోకి వస్తే రొయ్య మీద సుంకం పోతుంది. అసలు ఆశ పెట్టుకోదగ్గది యూరప్. 2025 సెప్టెంబరులో మన దేశంలో ఇంకో 102 సీఫుడ్ యూనిట్లకు అనుమతి ఇచ్చింది. కానీ 2016 నుంచీ అక్కడ మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం ఆపి యాంటీబయాటిక్ పరీక్ష చేస్తున్నారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాలు కనిపిస్తే సరుకు వెనక్కి. ఏ సుంకమూ మీ చేతిలో లేదు గానీ, ఇది మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. మందుల షాపువాడు లేబుల్ లేని డబ్బా ఇస్తే ముట్టుకోకండి. మీరు వాడిన మేత, మందు, సీడ్ బిల్లులు ఒక ఫైల్‌లో పెట్టండి. యూరప్‌కి పంపే ప్లాంటు రేపు రైతులను ఏరుకునేటప్పుడు ముందు అడిగేది ఆ ఫైలే.

ఇక దుబాయ్ కంపెనీ. ఆంక్షలు ఉన్నచోట దొంగదారి ఉంటుందని ఆయన అనుకోవడంలో తప్పులేదు. 2014 ఆగస్టులో రష్యా యూరప్ తిండి సరుకులను నిషేధించింది. కొద్ది నెలల్లో బెలారస్ నుంచి రష్యాకి సముద్రపు చేపలు, రొయ్యలు వెళ్ళడం జోరందుకుంది. బెలారస్‌కి సముద్రమే లేదు. ‘బెలారస్ రొయ్యలు’ అని రష్యన్లు ఇప్పటికీ జోకులేసుకుంటారు. రష్యా చమురు మోసే పాత ట్యాంకర్లు పేర్లు, జెండాలు మార్చుకుంటూ తిరగడం కూడా ఇలాంటిదే. అయితే అక్కడ కొనే దేశానికి సరుకు కావాలి, చూసీ చూడనట్టు వదిలేస్తుంది. మీ కేసులో కొనే దేశమే పట్టుకోవడానికి కాచుకుని కూర్చుంది.

రొయ్య తొక్క తీసినా, ఉడకబెట్టినా, ప్యాకెట్ మార్చినా అమెరికా కస్టమ్స్ దృష్టిలో అది పెరిగిన దేశం మారదు. 2018 చివరి నుంచి దిగుమతయ్యే రొయ్య ఏ చెరువులో పెరిగిందో, ఎప్పుడు పట్టారో రికార్డు చూపాలన్న నిబంధన ఉంది. ఎడారి దేశంలో అన్ని టన్నుల వనామీ ఎక్కడ పండిందో ఎవరో ఒకరు అడుగుతారు. సుంకం ఎగ్గొట్టడానికి దారి మళ్ళించారని తేలితే 40 శాతం అదనపు సుంకం అని 2025 జులై 31 నాటి ట్రంప్ ఉత్తర్వులోనే రాసుకున్నారు, పైన జరిమానా వేరే. గతంలో చైనా రొయ్య మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేసినప్పుడు మలేసియా పేరుతో సరుకు వెళ్తోందన్న అనుమానాలు గట్టిగా వచ్చాయి. చివరికి 2016లో యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా మలేసియా రొయ్యకి అమెరికా దాదాపు తలుపు మూసింది. దుబాయ్‌లో కేసు పడితే ఆయన కంపెనీ మూసేసి ఇంకో పేరు పెట్టుకుంటాడు. వాటాదారుగా మీ పేరు కాగితం మీద ఉంటుంది, మీ మూడెకరాలు మాత్రం ఎక్కడికీ పారిపోలేవు. లీగల్‌గా చేసే పద్ధతి ఏదైనా ఉంటే దాన్ని చెయ్యడానికి పెద్ద ఎగుమతిదారులు ఉన్నారు. మీ పది లక్షల కోసం ఎదురు చూడరు.

ఇక సంక్రాంతి తర్వాత సంగతి. పూర్తిగా ఆపమని నేను చెప్పను. పంట ఆపినా లీజు ఆగదు, వడ్డీ ఆగదు. అలాగని ఎనిమిదెకరాల్లో ఒకేసారి సీడ్ వెయ్యడం కూడా వద్దు. సొంత మూడెకరాల్లో వేయండి, ఎప్పుడూ వేసే సాంద్రత కంటే తగ్గించి వేయండి. పంట మధ్యలో ఒకసారి చిన్న కౌంట్‌లో కొంత పట్టి అమ్మేస్తే చేతిలో మేత డబ్బులు పడతాయి, మిగతా రొయ్యకి చోటూ దొరుకుతుంది. రేటు బాగుంటే పెద్ద కౌంట్‌కి తీసుకెళ్ళండి, బాగోకపోతే అక్కడితో ఆపండి. ముందుగానే 30 కౌంట్ కలలు కని అప్పు చెయ్యొద్దు. సీడ్ వేసే ముందు ఏజెంట్‌ని కాదు, వీలైతే రెండు ప్లాంట్ల కొనుగోలు వాళ్ళని అడగండి: ‘ఏప్రిల్, మే నెలల్లో మీ సరుకు ఏ దేశానికి వెళ్తుంది? ఏ కౌంట్ కావాలి?’ అమెరికా తప్ప ఇంకో దేశం పేరు చెప్పలేని ప్లాంటు అయితే, దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి.

చేపల గురించి తొందరపడొద్దు. బొచ్చె, శీలావతి బెంగాల్‌కీ అస్సాంకీ వెళ్తాయి, ట్రంప్‌తో పని లేదు, నిజమే. కానీ డబ్బు చేతికి రావడానికి రొయ్య కంటే చాలా ఎక్కువ నెలలు పడుతుంది. పైగా మీ చుట్టుపక్కల రొయ్య రైతులందరికీ ఇదే ఆలోచన వస్తే వచ్చే ఏడాది చేప ధర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. లీజు చెరువుల్లో ఒకదాంట్లో వేసి చూడొచ్చు, అన్నీ కాదు.

చెరువు లీజుకిచ్చిన యజమానితో మాత్రం పండగకి ముందే మాట్లాడండి. ఐదెకరాలకీ పాత రేటే అంటే రెండెకరాలు వదిలేస్తానని చెప్పండి, నిజంగానే వదిలెయ్యడానికి సిద్ధపడి చెప్పండి. ఈ ఏడాది ఖాళీ చెరువుని కొత్తగా లీజుకి తీసుకునేవాడు ఆయనకీ దొరకడు. లీజు మొత్తంలో కొంత పట్టుబడి అయ్యాక కట్టేలా, రొయ్య ధర మరీ పడిపోతే లీజు కూడా తగ్గేలా ఒక మాట కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చాకే సీడ్ అమ్మే హ్యాచరీకి ఫోన్ చేయండి.